ఆంక్షలు మనకు మేలే చేశాయా?

శ్రావ్య (ఇంజినీరింగ్ మూడో సంవత్సరం): 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టబట్టే మనవాళ్ళు అన్నీ సొంతంగా చేసుకున్నారని మా సార్ అంటారు. నిజమేనా? ఆంక్షలంటే సరుకు రావడం పూర్తిగా ఆగిపోతుందా?

పర్చేజ్ తాతయ్య: అమ్మా, నేను హైదరాబాద్‌లో ఒక రక్షణ ల్యాబ్ పర్చేజ్ సెక్షన్‌లో చేసి రిటైరయ్యాను. పూర్తిగా ఆగదు. అప్పుడు అమెరికా వాణిజ్య శాఖ తన ఆంక్షల జాబితాలో మన సంస్థల్ని చేర్చింది. క్షిపణులు తయారుచేసే బీడీఎల్, క్షిపణి పరిశోధన చేసే డీఆర్‌డీఎల్, శ్రీహరికోట అందులో ఉండేవి. బయట ఎవరైనా కొనుక్కునే మామూలు కొలత పరికరమైనా సరే, జాబితాలో ఉన్నవాళ్ళకు పంపాలంటే అక్కడి కంపెనీ లైసెన్స్ తెచ్చుకోవాలి. ఈ గొడవంతా ఎందుకని చాలామంది కొటేషన్ ఇవ్వడమే మానేశారు. కొత్త మెషిన్ రాదని తేలితే వేరే దేశంలో వెతుక్కుంటాం. అప్పటికే కొని బిగించినదానికి స్పేర్ కార్డు వస్తుందో రాదో తెలియకపోతేనే అసలు టెన్షన్. పై ఆఫీసర్ రోజూ అడుగుతాడు, చెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు. తేజస్ ఫ్లైట్ కంట్రోల్ పని మీద అమెరికాలో ఉన్న మన ఇంజినీర్లనైతే 1998లో వెనక్కి పంపేశారు.

రాజు_విజయవాడ: మరి పరమ్ సంగతేంటండీ? అంతకుముందే అమెరికా తన క్రే సూపర్ కంప్యూటర్ ఇవ్వలేదు, 1991 కల్లా మన ప్రభుత్వ సంస్థ సీడాక్ సొంత సూపర్ కంప్యూటర్ పరమ్ 8000 చేసి చూపించింది కదా!

పర్చేజ్ తాతయ్య: చేసింది రాజు గారూ, గర్వపడాల్సిందే. కానీ దాని లోపలున్నవి ఇన్మాస్ ట్రాన్స్‌ప్యూటర్లు, బ్రిటన్ చిప్‌లు. ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు తెరిచి ఉంది కాబట్టి నడిచింది. రాకెట్లలో అతిచల్లని ద్రవ ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ ఇంజిన్‌కు అలా కుదరలేదు. 1991లో సోవియట్ అంతరిక్ష వ్యాపార సంస్థ గ్లావ్‌కాస్మాస్‌తో ఇస్రో ఒప్పందం. 1992లో దాని మీదా ఇస్రో మీదా అమెరికా ఆంక్షలు. 1993లో రష్యా వెనక్కి తగ్గి ఇంజిన్లు అమ్మింది, టెక్నాలజీ మాత్రం ఇవ్వలేదు. మన సొంత క్రయో దశతో జీఎస్ఎల్‌వీ రాకెట్ గెలిచింది 2014 జనవరి 5న. అంటే ఒప్పందం నాటి నుంచి 23 ఏళ్ళు. ఆ ఏళ్ళు లెక్కలో వేయకుండా ‘మేలు’ అంటే నేనొప్పుకోను.

శ్రావ్య: 2011లో మన సంస్థల్ని జాబితాలోంచి తీసేశారట కదా, తాతయ్యా?

పర్చేజ్ తాతయ్య: అవునమ్మా, ఇస్రోవి, డీఆర్‌డీవోవి కొన్ని తీసేశారు. కొటేషన్లు మళ్ళీ రావడం మొదలైంది. ‘ఈ సరుకు దేనికి వాడతారు’ అని రాసిచ్చే కాగితం మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నారు.