ఎడారి పార్కులో శరత్కాలపు స్వచ్ఛంద సేవ: రోజు ఎలా గడుస్తుంది?

ప్రశ్న (తార్నాక నుంచి)

నమస్కారం. నేను హైదరాబాదులో ఒక డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తాను. మావారికి ఆరిజోనాలోని టూసాన్ నగరంలో ఏడాది పాటు పని పడింది కాబట్టి సెప్టెంబరు నెలాఖరుకు ఇద్దరం అక్కడికి చేరుకుంటాం. ఆ ఊరికి తూర్పున ఒక భాగం, పడమర ఒక భాగంగా ఉన్న సవారో జాతీయ పార్కులో కలుపు గడ్డి పీకే స్వచ్ఛంద సేవకులతో కలవాలని ఉంది. నాకు 52 ఏళ్లు. నడవగలను గాని ఎండ అంతగా పడదు. నియమాలు ఎక్కడైనా చదువుకోవచ్చు. తెల్లవారింది మొదలు అక్కడ రోజు ఎలా గడుస్తుందో స్వయంగా చేసినవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

సమాధానం (హబ్సిగూడ నుంచి)

మేడం, అక్కడ చదువుకునే రోజుల్లో నేను వరుసగా రెండు శరత్కాలాలు ఆ పనికి వెళ్లాను. ముందుగా ఎండ సంగతి చెబుతాను. అక్కడి వానలు సెప్టెంబరు చివరికి ముగుస్తాయి. అక్టోబరు మొదట్లో మధ్యాహ్నాలు ఇంకా వేడిగానే ఉంటాయి గాని ఉక్కపోత ఉండదు, తెల్లవారుజామున పలుచని స్వెట్టరు కావాలనిపిస్తుంది. చెమట పట్టినట్టు తెలియకుండానే ఆరిపోతుంది కనుక దాహం కూడా తెలియదు, అందుకే మనిషికి రోజుకు దాదాపు నాలుగు లీటర్ల నీళ్లు దగ్గర ఉంచుకోమంటారు. మొదటి రోజు నేను రెండు లీటర్లే తీసుకువెళ్లి, పది గంటలకే తల పగిలిపోయే నొప్పితో ఒక బండ నీడన కూర్చోవలసి వచ్చింది.

ఆరిజోనాలో ఋతువును బట్టి గడియారాలు మార్చరు కాబట్టి హైదరాబాదుకూ టూసానుకూ ఏడాది పొడవునా పన్నెండున్నర గంటల తేడా ఉంటుంది. నేను ఐదున్నరకు అమ్మకు ఫోన్ చేసేసరికి ఇక్కడ సాయంత్రం ఆరు, దేవుడి దగ్గర దీపం పెట్టే వేళ. ఏడింటికల్లా అందరం ఒకచోట చేరితే గడ్డపారలు, గ్లౌజులు పంచి ఆ రోజు ఏ వాలు ఎక్కాలో చెప్పేవారు. మేం పీకే కలుపు పేరు బఫెల్ గడ్డి. అది దక్షిణం వైపు తిరిగిన రాతి వాలుల మీదే ఎక్కువగా పాతుకుంటుంది, కనుక పనిలో సగం ఎక్కడమే.

గుర్తుపట్టడం నేర్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది, ఎందుకంటే అచ్చం దానిలాగే కనిపించే స్థానిక గడ్డి పక్కనే ఉంటుంది, దాన్ని పీకితే తప్పు. కంకిని కింద నుంచి పైకి గోటితో దూస్తే గింజలు రాలి నడిమి ఈనె మిగులుతుంది; దాన్ని వేళ్ల మధ్య రుద్దితే గరుకు కాగితంలా తగిలితే అది బఫెల్ గడ్డే. ముందు కంకులు కోసి సంచిలో వేయాలి, తరువాత గడ్డపారను దుబ్బు మొదట్లోకి దించి అటూ ఇటూ ఊపి, వేరు మొదలుతో సహా పెకలించి, మట్టి దులిపి పక్కన పెట్టాలి. మొదలు మిగిలితే మళ్లీ చిగురిస్తుంది. నేలలో పడిన గింజలు కొన్నేళ్లు బతికి ఉంటాయి కనుక పోయినేడు శుభ్రం చేసిన వాలుకే ఈ ఏడూ వెళతారు, అందుకు నిరుత్సాహపడకండి. పదకొండు గంటలకల్లా దిగిపోయేవాళ్లం.

ఒక దసరా పండుగ నాడు నేను ఆ వాలు మీదే ఉన్నాను. అక్కడి మెస్కీట్ చెట్టు మన జమ్మికి దగ్గరి చుట్టం, ఆకు చూస్తే మీకే తెలుస్తుంది. నాలుగు ఆకులు కోయాలనిపించింది గాని పార్కులో ఆకైనా కోయకూడదు కాబట్టి, చెట్టును చేత్తో తాకి నమస్కరించుకుని వచ్చాను.

సమాధానం (ఘట్‌కేసర్ నుంచి)

మా చెరువు కట్ట మీద ఆదివారాలు సర్కారు తుమ్మ నరికేవాళ్లలో నేనూ ఒకణ్ణి. బఫెల్ గడ్డి అంటే మన అంజన్ గడ్డే కదా? మెట్ట భూముల్లో పశువుల మేతకు మంచిదని చెప్పే గడ్డి అక్కడ అంత కీడు ఎలా చేస్తోంది?

సమాధానం (హబ్సిగూడ నుంచి)

అదే గడ్డి అన్నా. ఆఫ్రికా నుంచి భారతదేశం దాకా దాని పుట్టిల్లు. పశుగ్రాసానికీ, మట్టి కొట్టుకుపోకుండా ఉండడానికీ 1930లలో ఆరిజోనాకు తెచ్చారు. అక్కడి సొనోరన్ ఎడారిలో మొక్కకూ మొక్కకూ మధ్య ఉండే ఖాళీ నేలే ఆ మొక్కలకు రక్ష, నిప్పు పడినా అక్కడే ఆగిపోతుంది. ఈ గడ్డి ఆ ఖాళీలన్నీ నింపి, ఎండి, అంటుకుంటే మంట కొండంతా పాకుతుంది. తరువాత గడ్డి మొదళ్ల నుంచి మళ్లీ లేస్తుంది గాని, మంటకు అలవాటు లేని సవారో జెముడు లేవదు. ఆ జెముడు మొదటి ఎనిమిదేళ్లలో అంగుళం, అంగుళంన్నర మాత్రమే పెరుగుతుంది, యాభై ఏళ్లు దాటితే గాని చాలావాటికి కొమ్మ రాదు. నిలువెత్తు సవారో ఒకటి కాలిపోతే మన జీవితకాలంలో దాని చోట మరొకటి చూడలేం. మీరు నరికే సర్కారు తుమ్మ అమెరికా ఖండాల నుంచి 1870లలో మన దేశానికి వచ్చింది. తొలినాళ్లలో నాటిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి.

తార్నాక నుంచి

ఎంతో విపులంగా చెప్పారు, ధన్యవాదాలు. అంటే గడ్డపార దించే ముందు దుబ్బు పక్కన సవారో మొలకలు ఉన్నాయేమో చూసుకోవాలన్నమాట. ఇక్కడి నుంచి ఏమైనా కొని తెచ్చుకోవాలా?

హబ్సిగూడ నుంచి

తప్పకుండా చూడాలి మేడం; అవి చాలావరకు చెట్ల నీడన, రాళ్ల సందున వేలి కొసంత ఉంటాయి, మోకాళ్ల మీద కూర్చుంటేనే కనబడతాయి. అక్కడిచ్చే గ్లౌజులు నా చేతులకే వదులయ్యాయి, కాబట్టి రాణిగంజ్‌లో వెల్డింగు పనివాళ్లు వాడే తోలు గ్లౌజులు మీ కొలతకు తొడిగి చూసి కొనుక్కోండి. వెడల్పాటి పళ్ల దువ్వెన కూడా ఒకటి జేబులో ఉంచుకోండి. చోయా అనే జెముడు ముక్క ప్యాంటుకు తగిలితే చేత్తో లాగకూడదు, లాగితే వేళ్లకు అంటుకుంటుంది. దువ్వెన పళ్లను ముక్కకూ బట్టకూ మధ్య దూర్చి, పక్కన ఎవరూ లేని వైపు ఒక్క ఊపున విసిరేయాలి.