బ్రూక్లిన్‌లో కుండమార్పిడి సీట్లు: టర్మ్ లిమిట్‌కు టోకరానా, ఓటరు ఇష్టమా?

పాతకాపు:
న్యూయార్క్ రాజకీయాలు గమనించేవాళ్ళకు చార్ల్స్ బారన్ పేరు కొత్త కాదు. ఒకప్పుడు నల్లవారి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ సభ్యుడు, బ్రూక్లిన్‌లో ఈస్ట్ న్యూయార్క్ ప్రాంతపు నాయకుడు. ఆయన ఎన్నికల జాతకం తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను.

1997లో సిటీ కౌన్సిల్‌కు నిలబడి సిట్టింగ్ సభ్యురాలి చేతిలో ఓడారు. 2001లో ఆమె టర్మ్ లిమిట్ (వరసగా ఇన్నిసార్లే పదవి అన్న హద్దు) వల్ల పోటీ చేయలేకపోవడంతో ఈయన గెలిచి 2013 చివరి దాకా ఉన్నారు. ఈలోగా 2008లో భార్య ఇనెజ్ బారన్ అదే ప్రాంతం నుంచి రాష్ట్ర అసెంబ్లీకి ఎన్నికయ్యారు. 2013లో ఈయన గడువు తీరింది. ఆమె అసెంబ్లీ వదిలి భర్త ఖాళీ చేస్తున్న కౌన్సిల్ సీటుకు వచ్చారు. 2014లో ఈయన ఆమె వదిలిన అసెంబ్లీ సీటు గెలిచారు. 2021లో ఆమె రెండు టర్మ్‌లు పూర్తయ్యాయి, మళ్ళీ ఈయన అసెంబ్లీ వదిలి కౌన్సిల్‌కు. చివరికి 2023 ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే తొలి ఎన్నికలో) క్రిస్ బ్యాంక్స్ చేతిలో ఓడిపోయారు.

నగర ప్రజలు 1993లో ఓటేసి మరీ టర్మ్ లిమిట్ తెచ్చుకున్నది ఒకే మనిషి కుర్చీకి అతుక్కుపోకూడదని. ఇక్కడ మనిషి మారారు, ఇల్లు మారలేదు. 2002 జనవరి నుంచి 2023 డిసెంబర్ దాకా 22 ఏళ్ళు ఈ కౌన్సిల్ సీటు, డిస్ట్రిక్ట్ 42, ఒకే ఇంట్లో ఉంది. చట్టం దీన్ని తప్పు పట్టదని నాకూ తెలుసు. కానీ ఇది టోకరా కాకపోతే మరేమిటి?

రెండోవైపు:
టోకరా అంటే ఎదుటివాడికి తెలియకుండా చేసేది. వీళ్ళు దాచిందేముందండీ? బ్యాలెట్ మీద ఇంటిపేరుతో సహా ఉంది. అక్కడి ఓటర్లకు ఎవరు ఎవరి భార్యో, ఎవరు ఎక్కడి నుంచి వస్తున్నారో తెలిసే ఓటేశారు. ఇంకో మాట. ఇనెజ్ బారన్ టీచరుగా, స్కూలు ప్రిన్సిపాల్‌గా పనిచేసి వచ్చిన మనిషి. మీ పోస్టులో ఆవిడ భర్త సీటు వెచ్చగా ఉంచడానికి వచ్చినట్టు ఉంది. అది నాకు నచ్చలేదు.

చెరోమాట:
నాది చిన్న సందేహం. మన దగ్గర ఎమ్మెల్యే చేసినవాడు కార్పొరేటర్‌గా నిలబడితే పరువు పోయిందంటారు. అక్కడ రాష్ట్ర అసెంబ్లీ వదిలి సిటీ కౌన్సిల్‌కు ఎందుకు ఎగబడతారు?

లెక్కలమాస్టారు:
చెరోమాట గారూ, అసలు కిటుకు మీ సందేహంలోనే ఉంది. న్యూయార్క్‌లో ఏది పైమెట్టు, ఏది కిందిమెట్టు అన్నది పేర్లు చూసి తేల్చలేం.

ముందు జీతం. రాష్ట్ర అసెంబ్లీ సభ్యుడి జీతం 1999 నుంచి 2018 దాకా ఏడాదికి 79,500 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. సిటీ కౌన్సిల్ సభ్యుడికి 2006 చివర్లో 1,12,500 అయింది, 2016లో 1,48,500 అయింది. అసెంబ్లీలో 150 మందిలో ఒకరు, కౌన్సిల్‌లో 51 మందిలో ఒకరు. అసెంబ్లీ సభ్యుడు జనవరి నుంచి జూన్ దాకా రాష్ట్ర రాజధాని ఆల్బనీకి తిరుగుతూ ఉండాలి. కౌన్సిల్ సభ్యుడికి పని ఊళ్ళోనే.

అన్నిటికంటే ముఖ్యం భూమి మీద మాట. ఒక పేటలో ఎంత ఎత్తు కట్టొచ్చు, ఏం కట్టొచ్చు అన్న నిబంధనలు మార్చాలంటే (దాన్నే రీజోనింగ్ అంటారు) సాధారణంగా కౌన్సిల్ ఆమోదం కావాలి. ఆ పేట సభ్యుడు ఏమంటే మిగతావాళ్ళూ అదే అనడం చాలాకాలం ఆనవాయితీగా నడిచింది. 2016లో మేయర్ డి బ్లాసియో మొదటగా రీజోనింగ్ చేసిన పేటల్లో ఈస్ట్ న్యూయార్క్ ఒకటి. ఇనెజ్ దాన్ని వ్యతిరేకించారు. ఎక్కువ భాగం పక్క డిస్ట్రిక్ట్ సభ్యుడు రఫాయెల్ ఎస్పినాల్ పరిధిలో ఉండటం, ఆయన ఒప్పుకోవడంతో అది పాసైంది. ఆ ఎస్పినాల్ కూడా అసెంబ్లీ వదిలి వచ్చినవాడే. అద్దెలు పెరిగి పాత జనం పోతారన్న భయం ఉన్న చోట, ఈ కుర్చీలో ఎవరున్నారన్నది ఆల్బనీలో ఎవరున్నారన్నదాని కంటే ఎక్కువ లెక్క.

సరదాకి ఒక లెక్క: 2013కు ముందు ఆ ఇంట్లో ఒకరికి 1,12,500, ఇంకొకరికి 79,500. మార్పిడి పూర్తయ్యాక కూడా అంతే. మొత్తం పైసా మారలేదు!

పాతకాపు:
మాస్టారూ, మీ లెక్క నా వాదనకే బలం. అంత విలువైన కుర్చీ కాబట్టే ఇంట్లోంచి బయటికి పోనివ్వలేదు.

నిక్కచ్చి:
టర్మ్ లిమిట్‌కు టోకరా వేసింది బారన్లు ఒక్కరేనా? 1993లో జనం రెండు టర్మ్‌లు చాలన్నారు. 1996లో మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పారు. 2008లో మేయర్ బ్లూమ్‌బర్గ్‌కు మూడోసారి కావాల్సి వస్తే కౌన్సిల్ జనాన్ని అడగకుండానే 29–22 ఓట్లతో మూడు టర్మ్‌లకు పెంచేసింది. పెంచుకున్నది తమకు కూడా! 2010లో జనం మళ్ళీ ఓటేసి రెండుకు దించారు. ఓటరు ఏమన్నాడో విని కూడా పక్కన పెట్టడం అంటే అది. దాని పక్కన ఒక దంపతులు ఒకరి సీటుకు ఇంకొకరు పోటీ చేసి గెలవడం నాకు పెద్ద నేరంగా కనిపించదు.

పాతకాపు:
ఆ పెంపు వల్లే కదా బారన్ గారికి 2009లో మూడో టర్మ్ దొరికింది. వేరే ఎవరో గుమ్మం తెరిచారు సరే, లోపలికి నడిచింది ఈయనే.

రెండోవైపు:
చట్టం అవకాశం ఇస్తే పోటీ చేశారు, జనం గెలిపించారు. పోటీ చేయకుండా ఇంట్లో కూర్చుంటే ఆ సీటు ఇంకెవరికో పోయేది, అంతే.

బారన్ పోటీ చేసిన ప్రతిచోటా గెలవలేదన్నది కూడా చూడండి. 2006లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ సీటుకు ప్రైమరీలో ఎడ్ టౌన్స్ మీద 37 శాతం తెచ్చుకుని ఓడారు. 2010లో ఫ్రీడమ్ పార్టీ పెట్టి గవర్నర్‌కు నిలబడ్డారు. పార్టీకి తర్వాతి నాలుగేళ్ళు బ్యాలెట్ మీద చోటు దక్కాలంటే అప్పట్లో 50,000 ఓట్లు కావాల్సి ఉండేది, సగం దగ్గరే ఆగిపోయారు. 2012లో టౌన్స్ రిటైరవుతూ బారన్‌కే మద్దతిచ్చినా హకీమ్ జెఫ్రీస్ చిత్తుగా ఓడించారు. పరిధి పెద్దదైన ప్రతిసారీ ఓడారు, సొంత పేటలో ఎక్కువసార్లు గెలిచారు. పేరు చూసి గుడ్డిగా గుద్దే ఓటర్లయితే అన్నిచోట్లా గుద్దేవారు కదా?

చెరోమాట:
గుడ్డిగా అని కాదండీ. సొంత పేటలో ప్రత్యర్థికి పేరే ఉండదు, వీళ్ళకు పాతికేళ్ళ పరిచయం. పైగా అక్కడ డెమొక్రాటిక్ ప్రైమరీ గెలిస్తే నవంబర్ ఎన్నిక లాంఛనమే.

లెక్కలమాస్టారు:
మీరంతా చార్ల్స్, ఇనెజ్‌ల చుట్టూ తిరుగుతున్నారు గానీ, నా అభ్యంతరం వేరే చోట ఉంది. అసెంబ్లీ టర్మ్ రెండేళ్ళు. ఇనెజ్ 2012లో రెండేళ్ళకని గెలిచి, ఏడాదికే కౌన్సిల్‌కు వెళ్ళారు. గవర్నర్ క్వోమో ఉపఎన్నిక పెట్టలేదు. 2014 మొత్తం ఆ ప్రాంతానికి అసెంబ్లీలో మనిషి లేరు. చార్ల్స్ 2020లో రెండేళ్ళకని గెలిచి, ఏడాదికే వదిలేశారు. రెండుసార్లూ ఓటరు ఇచ్చిన పనిని సగంలో దింపేశారు.

2022 ఫిబ్రవరిలో ఈసారి ఉపఎన్నిక జరిగింది. అలాంటి ఎన్నికల్లో ప్రైమరీ ఉండదు, అభ్యర్థిని పార్టీ కమిటీ పెద్దలే పెడతారు. అంటే సీటు మార్చుకునేవాళ్ళు తమకు తెలియకుండానే, ఓటరు చేతిలో ఉండాల్సిన ఎంపికను పార్టీ ఆఫీసు చేతికి ఇస్తున్నారు. జీవితమంతా ఆ పార్టీ యంత్రాంగాన్ని తిట్టిన నాయకుడి విషయంలో ఇది మరీ ఎబ్బెట్టుగా ఉంది.

నిక్కచ్చి:
ఇది నేను ఒప్పుకుంటాను. ఆ ఉపఎన్నికలో బారన్ మద్దతిచ్చిన కెరాన్ అలేన్ ఓడి నిక్కీ లూకస్ గెలిచారు. 2021 కౌన్సిల్ ప్రైమరీలో బారన్ చేతిలో ఓడిన ఆవిడే! ఏడాది తిరగకుండా ఆయన వదిలిన సీటు ఆవిడకు చేరింది. కుండమార్పిడి అక్కడే బెడిసికొట్టింది.

రెండోవైపు:
అంటే ఓటరు చేతిలో పగ్గాలు ఉన్నట్టే కదా. 2023 జూన్‌లో అయితే ఇంకా స్పష్టం. డిస్ట్రిక్ట్ 42లో బారన్ ఓడిన రోజే హార్లెమ్‌లో ఇద్దరు సిట్టింగ్ అసెంబ్లీ సభ్యులు ఇనెజ్ డికెన్స్, ఆల్ టేలర్ కౌన్సిల్ సీటు కోసం దిగి యూసెఫ్ సలామ్ చేతిలో ఓడారు. డికెన్స్ అంతకుముందు కౌన్సిల్‌లో పదకొండేళ్ళు ఉన్నవారే. సలామ్ సెంట్రల్ పార్క్ కేసులో చేయని నేరానికి చిన్నప్పుడే జైలుకు వెళ్ళిన మనిషి, ఏ పదవీ చేయలేదు. సీనియారిటీ చూపిస్తే జనం పడిపోతారన్నది తప్పని తేలింది.

పైగా న్యూయార్క్‌లో చిన్న విరాళానికి నగరం డబ్బు కలుపుతుంది. పేటలో ఒకరిచ్చే చిన్న మొత్తానికి ఎనిమిది రెట్లు. కొత్తవాడు పెద్దవాళ్ళ గుమ్మాలు తొక్కక్కర్లేదు. పాత సభ్యులను దించాలంటే ఇలాంటివి పెంచండి, పెళ్ళి సర్టిఫికెట్లు చూడకండి.

పాతకాపు:
2023 ఎన్నిక ఎందుకొచ్చిందో కూడా చెప్పండి మరి. మామూలుగా కౌన్సిల్ టర్మ్ నాలుగేళ్ళు. జనాభా లెక్కల తర్వాత నియోజకవర్గాల హద్దులు మార్చాలి కాబట్టి 2021లో గెలిచినవాళ్ళకు రెండేళ్ళే దొరికాయి. ఆ లెక్క కలిసి రాకపోతే 2025 చివరి దాకా ఆయనే ఉండేవారు. క్యాలెండర్ చేసిన పనిని ఓటరు ఖాతాలో వేస్తున్నారు మీరు.

చెరోమాట:
సరే, మీరు చెప్పే మందు ఏమిటి? కుటుంబ సభ్యుడు ఖాళీ చేసిన సీటుకు పోటీ చేయకూడదని రూల్ పెడదామా? అప్పుడు సొంతంగా అర్హత ఉన్న భార్య కూడా ఆగిపోవాలి.

పాతకాపు:
అక్కర్లేదు. న్యూయార్క్ లిమిట్ వరస టర్మ్‌లకే. మధ్యలో విరామం ఇస్తే మళ్ళీ రావచ్చు. దాన్ని జీవితకాల లిమిట్ చేయండి చాలు. ఇనెజ్ 2013లో హాయిగా రావచ్చు, చార్ల్స్ 2021లో తిరిగి రాలేరు.

నిక్కచ్చి:
అప్పుడు గేల్ బ్రూవర్ కూడా రాలేరు. 2013 దాకా కౌన్సిల్‌లో ఉండి, రెండు టర్మ్‌లు మన్‌హాటన్ బరో (నగరంలోని ఐదు భాగాల్లో ఒకటి) ప్రెసిడెంట్‌గా చేసి, 2022లో పాత సీటుకు తిరిగొచ్చారు. ఆవిడ భర్త ఏ సీటూ మార్చుకోలేదు. బారన్ మీద కోపంతో రాసిన రూల్ ముందు ఆవిడ కాళ్ళకే తగులుతుంది.

లెక్కలమాస్టారు:
జీవితకాల లిమిట్ కంటే చిన్న మార్పు ఒకటి ఉంది. టర్మ్ మధ్యలో వేరే సీటుకు పోటీ చేయదలచినవాళ్ళు ముందే రాజీనామా చేయాలనడం. దానివల్ల ఉపఎన్నికకు టైమ్ దొరుకుతుంది, గెలిస్తే అక్కడ ఓడితే ఇక్కడ అన్న ధీమా పోతుంది. బ్రూవర్‌కు ఇబ్బంది లేదు, ఆవిడ ప్రతిసారీ గడువు పూర్తి చేసే వెళ్ళారు. 2013లో ఇనెజ్‌కు, 2021లో చార్ల్స్‌కు, 2023లో డికెన్స్, టేలర్‌లకు మాత్రం ఆలోచించుకోవాల్సి వచ్చేది.

రెండోవైపు:
దీనికి నేనూ ఓటేస్తాను. అయితే అది రాష్ట్ర చట్టంలో రావాలి మాస్టారూ. రాయాల్సింది ఆ అసెంబ్లీ సభ్యులే.