పడమటి కొండ మీద లైటు, ఆకాశంలో వరస దీపాలు: ఏమై ఉంటాయి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. ఎండలకి రోజూ డాబా మీదే పడుకుంటున్నాం. వారం పైనుంచి పొద్దుగూకగానే పడమటి కొండ పైన పెద్ద లైటు కనబడుతోంది. మామూలు చుక్క కన్నా చాలా పెద్దది. ముందు తెల్లగా ఉంటుంది, కొండ దగ్గరికి దిగేకొద్దీ ఎర్రగా, ఆకుపచ్చగా మారుతూ వణుకుతుంది. తేరిపార చూస్తే మన వైపే వస్తున్నట్టు ఉంటుంది. ఎనిమిదిన్నర దాటాక కొండ వెనక్కి దిగిపోతుంది. మొన్న ఏడుంబావుకి ఇంకోటి చూశాం. దండ గుచ్చినట్టు వరసగా దీపాలు, చప్పుడు లేదు, తూర్పు వైపు పోతూ ఒక్కొక్కటే ఆరిపోయాయి. డ్రోన్లతో ఇళ్లు చూసుకుని దొంగతనాలు చేస్తున్నారని ఊళ్లో వాట్సాప్‌లో తిప్పుతున్నారు. మా అత్తగారు పిల్లల్ని డాబా ఎక్కనివ్వడం లేదు. కుర్రాళ్లు కర్రలు పట్టుకుని కాపలా తిరుగుతున్నారు. నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్పగలరా?

జవాబు:
నమస్తే అండి. మీరు టైము, దిక్కు రెండూ రాశారు కాబట్టి పని చాలా తేలికైంది. మామూలుగా అందరూ "ఏదో వెలుగు కనిపించింది" అని వదిలేస్తారు.

ముందు కొండ మీది లైటు సంగతి. రోజూ అదే వేళకి, అదే దిక్కున ఉండి, మెల్లగా దిగి అస్తమిస్తోందంటే నేను ముందుగా అనుమానించేది శుక్రుణ్ణి. తెల్లవారుజామున తూర్పున కనిపిస్తే మనవాళ్లు వేగుచుక్క అనేది ఇతన్నే. కొన్ని నెలలు పొద్దున తూర్పున, కొన్ని నెలలు సాయంత్రం పడమట కనిపిస్తాడు. ఆకాశంలో సూర్యుడికి 47 డిగ్రీలకి మించి దూరం పోడు, అందుకే మన ప్రాంతంలో అర్ధరాత్రి ఎప్పుడూ కనబడడు. సూర్యచంద్రుల తర్వాత అంత కాంతి ఉన్న గ్రహం, నక్షత్రం ఇంకోటి లేదు.

రంగులు మారేది గాలి వల్ల. నడినెత్తిన ఉన్న చుక్క వెలుగు పలచని గాలి పొర దాటి వస్తుంది. కొండ అంచున ఉన్నదాని వెలుగు అంతకు ఎన్నో రెట్లు మందం గాలిలోంచి, అందులోనూ పగలంతా కాగిన నేల మీది వేడిగాలిలోంచి రావాలి. దారిలో వెలుగు వంగుతూ, రంగులుగా చీలుతూ కంటికి చేరుతుంది. ఎర్రన, ఆకుపచ్చ అలా వచ్చేవే. దగ్గరికి వస్తున్నట్టు ఉండటానికి కారణం మన కన్నే. చుట్టూ చీకటి, మధ్యలో ఒక్క వెలుగు, పోల్చుకోవడానికి పక్కన ఏమీ లేదు. అలాంటప్పుడు కదలని చుక్క కూడా కదిలినట్టే అనిపిస్తుంది. పలచని మబ్బు అడ్డం వచ్చి తొలగినా కాంతి తగ్గి పెరిగి, ముందుకు వచ్చినట్టు ఉంటుంది.

నా మాట నమ్మి ఊరుకోకండి, రేపు మీరే చూడండి. డాబా మీద ఒకే చోట కూర్చుని, వాటర్ ట్యాంకు అంచుకో కరెంటు స్తంభానికో ఆ లైటు ఆనేలా తల పెట్టండి. పది నిమిషాల తర్వాత కదలకుండా అక్కడినుంచే మళ్లీ చూడండి. చెయ్యి పూర్తిగా చాచి చూస్తే బొటనవేలి వెడల్పు కన్నా కాస్త ఎక్కువ జరిగి ఉంటే అది గ్రహమో నక్షత్రమో. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, ఆ లెక్కన పది నిమిషాలకి రెండున్నర డిగ్రీలు. ఏ డ్రోనూ రోజూ ఆ లెక్క తప్పకుండా తిరగదు. ఫోన్లో స్టెల్లేరియం అనే ఆకాశ పటం యాప్ వేసుకుని అటు పెడితే పేరు కూడా చెబుతుంది.

మీ అత్తగారికి ఇది చెప్పండి. 2012-13లో లద్దాఖ్ సరిహద్దులో మన సైనికులే నెలల తరబడి రాత్రిళ్లు వెలుగులు చూసి, చైనా పంపిన నిఘా డ్రోన్లేమోనని మూడు వందల పైచిలుకు సార్లు రాసుకున్నారు. చివరికి బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించి అవి గురుడు, శుక్రుడు అని తేల్చారు. రాత్రంతా కళ్లు కాయలు కాసేలా కాపలా కాసేవాళ్లకే అలా అనిపించిందంటే మీ ఊళ్లోవాళ్లు భయపడటంలో వింతేం లేదు.

వరస దీపాలు స్టార్‌లింక్ అనే ఇంటర్నెట్ ఉపగ్రహాలు. 2019 నుంచి గుంపులు గుంపులుగా పంపుతున్నారు. రాకెట్ నుంచి విడిపోయిన కొత్తలో కొన్ని రోజులు ఒకదాని వెనక ఒకటి బారుగా పోతాయి, తర్వాత దూరం దూరంగా సర్దుకుని పైకెక్కుతాయి. వాటికి లైట్లేమీ ఉండవు. మనకి పొద్దు గూకినా అంత ఎత్తులో ఇంకా ఎండే, ఆ ఎండ వాటి మీద పడి మెరుస్తుంది. తూర్పుకి పోయేకొద్దీ భూమి నీడలోకి దూరతాయి. ముందుది ముందు దూరుతుంది కాబట్టే మీకు ఒక్కొక్కటిగా ఆరిపోయినట్టు కనిపించింది.

మరొకరు (అనంతపురం):
మాదీ మీ జిల్లానే. ఇంకోటి కూడా చూసుకోండి. గుట్టల మీద గాలిమరల పైన ఎర్ర దీపాలు ఉంటాయి కదా. చీకట్లో మర కనిపించదు, దీపం ఒక్కటే గాల్లో వేలాడినట్టు ఉంటుంది. ఆ చోటు పగలు ఒకసారి చూసి పెట్టుకుంటే సరి. సెల్ టవర్లదీ అదే కథ.

ఇంకొకరు (నెల్లూరు):
మా వైపు శ్రీహరికోట రాకెట్లు అలవాటే. సంధ్య వేళ ఏ రాకెట్ పోయినా పొగ ఎత్తున ఎండ తగిలి పెద్ద తెల్లటి విసనకర్రలా విచ్చుకుంటుంది. 2022 డిసెంబరు 15 సాయంత్రం ఒడిశా తీరం నుంచి అగ్ని-5 క్షిపణి పరీక్షించినప్పుడు బెంగాల్‌లో జనం అలాంటి వెలుగే చూసి హడలిపోయారు. అదే ఏడాది ఏప్రిల్ 2న మహారాష్ట్ర మీదుగా నిప్పు కణికల్లా వరసగా రాలినవి చైనా రాకెట్ ముక్కలు, చంద్రపూర్ జిల్లాలో లోహపు రింగు కూడా పడింది. ఉల్క అయితే రెప్పపాటులో పోతుంది. రాకెట్ ముక్కలు తాపీగా, నిమిషం దాకా విరుగుతూ పోతాయి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. ట్యాంకు అంచున పెట్టి చూశాం. మీరు చెప్పినంతే దిగింది, పిల్లలే వేలు చాచి కొలిచారు. ఇంకో డౌటు. పక్కింటి అబ్బాయి వీధి దీపం కింద నిలబడి ఫోటో తీస్తే ఆకాశంలో పచ్చటి గుండ్రం వచ్చింది. కంటికి మాత్రం కనపడలేదు. అది చూపించి మళ్లీ గోల మొదలుపెట్టారు.

జవాబు:
కంటికి కనపడక ఫోటోలోనే ఉందంటే అది లెన్సులో పుట్టిన ప్రతిబింబం అనుకోవచ్చు. ఆ ఫోటోలో వీధి దీపం ఎక్కడుందో చూడండి. ఫోటో మధ్య నుంచి దీపం ఎంత దూరంలో ఉందో, పచ్చటి గుండ్రం సరిగ్గా ఎదురు మూలన అంతే దూరంలో ఉంటుంది. అబ్బాయిని అక్కడే నిలబెట్టి ఫోన్ మెల్లగా తిప్పమనండి, గుండ్రం కూడా స్క్రీన్ మీద పరిగెడుతుంది. ఊరివాళ్ల ముందే చేసి చూపించండి. శుక్రుణ్ణి ఫోన్లో బాగా జూమ్ చేసి తీసినా పలకలు పలకలుగా వింత ఆకారం వస్తుంది. అది ఫోకస్ కుదరక వచ్చే మచ్చ.

ఆ కాపలా కుర్రాళ్లతో మాత్రం దయచేసి ఇవాళే మాట్లాడండి. 2025లో పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఇలాంటి డ్రోన్ దొంగల పుకారే లేచి, రాత్రిళ్లు దారిన పోయే అమాయకుల్ని పట్టుకుని కొట్టారు. పొలానికి మోటారు వేయడానికి పోయే మనిషి చేతిలో టార్చి చూసి కూడా ఇప్పుడు అనుమానపడతారు. నిజంగా డ్రోన్ అయితే తక్కువ ఎత్తులో ఉంటుంది, ఊరు నిశ్శబ్దంగా ఉంటే తేనెటీగల రొద వినిపిస్తుంది, బ్యాటరీ అయిపోయి కాసేపట్లో దిగిపోతుంది. అలాంటిది కనిపిస్తే టైము, దిక్కు రాసుకుని స్టేషన్‌కి ఫోన్ చేయండి. మనుషుల మీదికి పోవద్దు.

ఎప్పుడైనా పొలంలో ఏదైనా వస్తువు దిగినా అంతే. 2022 డిసెంబరు 7న వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో గుమ్మటం లాంటి పెద్ద వస్తువు దిగితే ఊరంతా పోగైంది. అది ఒక స్పెయిన్ కంపెనీ స్పేస్ టూరిజం పరీక్ష కోసం హైదరాబాద్ బెలూన్ కేంద్రం నుంచి ఎగరేసింది. అక్కడినుంచి పోయే పరిశోధన బెలూన్లు చాలా ఎత్తుకి వెళ్తాయి, తెల్లవారకముందే ఎండ తగిలి మెరుస్తాయి. కింద పడిన పరికరాలు విప్పకుండా పోలీసులకి చెప్పాలి.

మీ పిల్లలకి ఆసక్తి ఉంటే ఎవరిదగ్గరైనా బైనాక్యులర్ అడిగి తెచ్చుకోండి. గురుడు కనిపించే రోజుల్లో చేతులు గోడకి ఆనించి చూస్తే పక్కనే అతని ఉపగ్రహాలు సన్నటి చుక్కల్లా వరసగా ఉంటాయి. శుక్రుణ్ణి చూసేటప్పుడు మాత్రం సూర్యుడు పూర్తిగా అస్తమించాకే బైనాక్యులర్ వాళ్ల చేతికివ్వండి, పొరపాటున సూర్యుడి వైపు తిప్పితే కళ్లు పోతాయి.