ఇచిరో 2004 యావరేజ్ లెక్క నాకెందుకు కుదరడం లేదు?

పాత స్కోరరు

అందరికీ నమస్కారం. మాది తెనాలి. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఆరు నెలలు ఉందామని మా అబ్బాయి దగ్గరికి బోథెల్ వచ్చాను, సియాటెల్ పక్కనే. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆదివారాలు మా ఊళ్లో క్రికెట్ లీగ్ మ్యాచ్‌లకు స్కోరు రాసేవాణ్ణి. బ్యాటర్ల వైపు కూడిక, బౌలర్ల వైపు కూడిక ఒక్క పరుగు తేడా వచ్చినా నాకు అన్నం సహించేది కాదు. ఆ జబ్బు ఇంకా పోలేదు.

ఇక్కడ సాయంత్రం పూట టీవీలో సియాటెల్ బేస్‌బాల్ జట్టు మారినర్స్ ఆట చూడటం అలవాటైంది. మా మనవరాలి దగ్గర ఆ జట్టు పాత ఆటగాడు ఇచిరో సుజుకి కార్డు ఒకటుంది. వెనకాల చీమల బారులా అంకెలు. 2004 వరస దగ్గర ఆగిపోయాను. హిట్లు 262, యావరేజ్ .372. మొదట నవ్వొచ్చింది. మన దగ్గర 0.37 యావరేజ్ అంటే పదకొండో నంబరు ఆటగాడు కూడా సిగ్గుపడతాడు. బంతి కొట్టి అవుటవకుండా బేస్ చేరితే హిట్, వెయ్యి సార్లు బ్యాట్ పడితే 372 హిట్లని అర్థం నాన్నా అని మావాడు చెప్పాడు. సరే, బాగానే ఉంది. కానీ ఆ ఏడాది ఇచిరో బ్యాటింగ్‌కి వచ్చింది 762 సార్లని కంప్యూటర్లో చూశాను. 262ని 762తో భాగిస్తే .344 వస్తోంది. ఫోన్లో రెండుసార్లు, కాగితం మీద ఒకసారి చేశాను. మిగతా 28 పాయింట్లు ఎవరిచ్చారు? మావాణ్ణి అడిగితే మీటింగ్ ఉందని లోపలికెళ్లాడు.

లేటుగా లేచేవాడు

అంకుల్, నేనిక్కడ పదేళ్లుగా ఉంటున్నా. ఆఫీసువాళ్లతో మారినర్స్ స్టేడియం టీ-మొబైల్ పార్కుకి నాలుగుసార్లు వెళ్లా. గార్లిక్ ఫ్రైస్ తప్ప ఏమీ గుర్తులేదు. ఎవరైనా చెబితే నేనూ తెలుసుకుంటా.

కుడి ఫీల్డ్

మాస్టారూ, మీ భాగహారం తప్పు కాదు, భాజకం తప్పు. 762 అనేది ప్లేట్ అప్పియరెన్సులు, అంటే మొత్తం వచ్చినన్నిసార్లు. యావరేజ్‌కి వాడేది ఎట్-బ్యాట్లు, అవి 704. మనం నాటౌట్ ఇన్నింగ్స్‌ని భాజకంలోంచి తీసేస్తాం కదా, వీళ్లూ కొన్ని రకాలు అలాగే తీసేస్తారు.

తేడా 58. అందులో 49 వాక్‌లు. నాలుగు బంతులు కొట్టే పరిధికి బయట పడితే బ్యాటర్‌ని ఊరికే ఫస్ట్ బేస్‌కి పంపేస్తారు, మన వైడ్‌కి దూరపు చుట్టం అనుకోండి. బంతి ఒంటికి తగిలి వెళ్లినవి 4. బేస్ మీదున్న రన్నర్‌ని ముందుకు జరపడానికి కావాలని బంట్ చేసి, అంటే బంతిని మెల్లగా తట్టి, అవుటైనవి 2. తను క్యాచ్ అవుటైనా ఆ బంతికి రన్నర్ పరుగు పూర్తిచేసినవి 3. కూడి చూసుకోండి, మీ అన్నం మీరు తినొచ్చు.

ఆ 262 గురించి ఒక్క మాట. ఒక్క సీజన్‌లో హిట్లకి అంతకుముందు రికార్డు 1920లో జార్జ్ సిస్లర్ కొట్టిన 257. సిస్లర్ ఆడింది 154 ఆటలు, ఇచిరో 161, కాబట్టి దీని మీద వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2004 అక్టోబర్ 1న అది దాటిన రాత్రి నేను పై వరసలో కూర్చుని ఉన్నాను. అప్పట్లో ఆ స్టేడియం పేరు సేఫ్‌కో ఫీల్డ్. 258వది సెంటర్ వైపు దూసుకెళ్లిన మామూలు సింగిల్, అంటే ఒక్క బేస్ హిట్. ఆట ఆపి జట్టంతా చుట్టూ చేరితే, ఇచిరో స్టాండ్స్ దగ్గరికి వెళ్లి సిస్లర్ కూతురితో చెయ్యి కలిపాడు. నాకు ఆ సింగిల్ కన్నా అదే గుర్తుండిపోయింది.

అన్నట్టు, యావరేజ్ ఒక్కటే పట్టుకుంటే మోసపోతారు. మారినర్స్‌కే ఆడిన ఎడ్గార్ మార్టినెజ్ కెరీర్ యావరేజ్ .312, ఇచిరోది .311. కవలల్లా ఉన్నారు కదా? కానీ ఎడ్గార్ వాక్‌లు 1,283, ఇచిరోవి 647. వాక్‌లు కూడా కలిపి చూసే ఆన్-బేస్ లెక్కలో ఎడ్గార్ .418, ఇచిరో .355.

పాత స్కోరరు

అమ్మా, 49, 4, 2, 3. సరిగ్గా 58. 262ని 704తో భాగిస్తే .3721. రాత్రి హాయిగా నిద్రపట్టింది.

పొద్దున్నే ఇంకో తేలు కుట్టింది. మారినర్స్ పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) ఫీలిక్స్ హెర్నాండెజ్, 2010: గెలుపులు 13, ఓటములు 12. ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ పిచ్చర్‌గా సై యంగ్ అవార్డు ఆయనకే! అత్తెసరు మార్కుల వాడికి గోల్డ్ మెడలా? అసలు జట్టు ఓడితే ఆ ఓటమి ఒక్కడి పేరున రాయడమేమిటి? ఇంకోటి, 249.2 ఇన్నింగ్స్ అట. ఇన్నింగ్స్‌లో పదో వంతులు ఎలా వస్తాయి?

పిచ్చరు పిచ్చోడు

బాబాయ్ గారూ, చివరిది మీకు తెలిసిందే. మన 18.2 ఓవర్లలో .2 అంటే రెండు బంతులు. ఇక్కడ .2 అంటే రెండు అవుట్లు. మూడు అవుట్లయితే ఒక ఇన్నింగ్స్, కాబట్టి .3 ఉండదు.

గెలుపోటముల సంగతి మీరన్నట్టే, అన్యాయం. జట్టు ఏ పిచ్చర్ ఉండగా ఆధిక్యంలోకి వచ్చి నిలబెట్టుకుందో దాదాపు అతని ఖాతాలో గెలుపు పడుతుంది. మరి ఆ ఏడాది మారినర్స్ 162 ఆటల్లో చేసింది 513 పరుగులు. ఆటకి మూడు చిల్లర! 101 ఆటలు ఓడారు. మనవాడు ఐదు వికెట్లు తీసినా జట్టు అరవైకి ఆలౌటైతే బౌలర్ ఏం చేస్తాడు?

అందుకే ఈఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచ్చర్ ఇచ్చే పరుగుల సగటు, చూడాలి. పిచ్చర్ తప్పుతో వచ్చిన పరుగులనే లెక్కేస్తారు. ఫీల్డర్ పొరపాటుతో వచ్చినవి తీసేస్తారు, బైలు బౌలర్ ఖాతాలో వేయనట్టు. ఫీలిక్స్ అలా ఇచ్చింది 63. తొమ్మిదితో గుణించి, 249 మీద రెండు మూడో వంతులతో భాగిస్తే 2.27. ఆ ఏడాది న్యూయార్క్ యాంకీస్‌లో సీసీ సబాథియా 21 గెలిచాడు. అయినా సై యంగ్ అవార్డుకి పడ్డ 28 మొదటి స్థానం ఓట్లలో 21 ఫీలిక్స్‌కే పడ్డాయి.

పాత స్కోరరు

2.271. సరిపోయింది. కానీ బాబూ, ఫీల్డర్ పొరపాటని ఎవరు తేలుస్తారు? అంపైరా?

పిచ్చరు పిచ్చోడు

కాదండీ, స్కోరరే! ప్రెస్ బాక్స్‌లో కూర్చునే అఫీషియల్ స్కోరర్. మామూలు ప్రయత్నంతో ఆపగలిగిన బంతా కాదా అని చూసి హిట్ అనో, ఎర్రర్ అనో ఆయనే చెబుతాడు. నచ్చకపోతే ఆటగాడు లీగ్‌కి అప్పీలు చేసుకోవచ్చు.

పాత స్కోరరు

నలభై ఏళ్లు అంపైర్ చెయ్యెత్తితే నేనూ చెయ్యెత్తి, ఆయనేం చూపిస్తే అది రాసుకున్నాను. ఇక్కడ స్కోరరుకి తీర్పు కూడానా! ముందే తెలిస్తే ఇక్కడే పుట్టేవాణ్ణి.

మనవరాలి రూళ్ల నోట్‌బుక్ తీసుకుని నిన్నటి నుంచి నేనూ రాస్తున్నాను. ఫీల్డర్లకు నంబర్లున్నాయని ఆ పిల్లే నేర్పింది, రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్‌కి ఆరు. ఐదో ఇన్నింగ్స్‌లో షార్ట్‌స్టాప్ చేతుల్లోకి వచ్చిన బంతి జారిపోయింది. నేను ‘ఈ6’, అంటే ఆరో నంబరు ఎర్రర్, అని రాశాను. టీవీలో హిట్ అని వేశారు. మార్చెయ్ తాతయ్యా అంది పిల్ల. నేను మార్చలేదు.