కటాఫ్‌కూ ఎక్స్‌పైరీకీ ‘గడువు’ అన్న ఒక్క మాట చాలుతుందా?

చిత్రావతి (అనంతపురం):
ఉద్యోగ ప్రకటనలను తెలుగులోకి మార్చి బోర్డు మీద అతికించడం నా పనుల్లో ఒకటి. ఈ మధ్య ఒక ప్రకటనలో వయసు లెక్కించే తేదీకి ‘గడువు తేదీ: జూలై 1’ అనీ, దరఖాస్తుల ఆఖరు రోజుకు ‘చివరి గడువు: జూలై 31’ అనీ రాశాను. ధర్మవరం నుంచి వచ్చిన ఒక అమ్మాయి జూలై 9న బోర్డు ముందు నిలబడి, మొదటి వరుస మాత్రమే చదివి, ‘అయిపోయిందా సార్’ అంటూ వెనుదిరగబోయింది. తప్పు నాదే. కటాఫ్ డేట్, లాస్ట్ డేట్, ఎక్స్‌పైరీ డేట్ మూడూ వేరువేరు సంగతులైతే, మనం మూడింటికీ గడువే రాస్తున్నాం. ఒక పని పూర్తి చేయడానికి ఇచ్చిన వ్యవధికే గడువు అనాలనీ, మిగిలిన రెండింటికీ వేరే మాటలు స్థిరపరచుకోవాలనీ నా వాదన.

మందుల అంగడి (కర్నూలు):
కొత్త మాటల అవసరం నాకు కనబడడం లేదు. మా అంగడికి వచ్చేవాళ్లు ‘డేట్ ఉందా, అయిపోయిందా’ అని అడుగుతారే తప్ప గడువు అన్న మాట ఎత్తరు. చిక్కు తేదీని చదవడంలో ఉంది. స్ట్రిప్ మీద నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల ఆఖరు రోజు దాకా వాడవచ్చని అర్థం. ఒకటో తారీఖుకే పారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. పది మాత్రల స్ట్రిప్‌లో నాలుగు కత్తిరించి ఇచ్చేటప్పుడు తేదీ ముద్ర ఉన్న కొసను నేను ఆఖరుకు మిగుల్చుకుంటాను, ఎందుకంటే ఆ కొస ముందే పోతే మిగిలిన ఆరింటికి పుట్టిన రోజూ ఉండదు, పోయే రోజూ ఉండదు.

తినే వస్తువుల విషయంలో మాత్రం చిత్రావతి గారితో ఏకీభవిస్తాను. ‘బెస్ట్ బిఫోర్’ అంటే అప్పటిదాకా రుచీ నాణ్యతా తగ్గవని తయారీదారు ఇచ్చే హామీ. ఎక్స్‌పైరీ అంటే ఆ తర్వాత తినకూడదు, అమ్మకూడదు. 2020 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) లేబులింగ్ నిబంధనలు ఎక్స్‌పైరీ లేదా ‘యూజ్ బై’ తేదీని తప్పనిసరి చేసి, బెస్ట్ బిఫోర్‌ను తయారీదారు ఇష్టానికి వదిలేశాయి. ఈ రెండింటినీ ఒకే మాటతో చెప్పడం తప్పే.

ప్రొద్దుటూరు వాసి (కడప జిల్లా):
మీరిద్దరూ మరచిన మాట ఒకటుంది: కాలదోషం. ప్రాంసరీ నోటుకు కాలం చెల్లిందని మా ఊళ్లో ఎవరూ అనరు, కాలదోషం పట్టిందంటారు. ఆ తేడా ఊరికే వచ్చింది కాదు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం అడిగినప్పుడు చెల్లించాల్సిన నోటు మీద దావాకు మూడేళ్లు. రాసిన రోజును లెక్కలోకి తీసుకోరు. 2022 జూన్ 15న రాసిన నోటుకు 2025 జూన్ 15 ఆఖరు రోజు. అది ఆదివారం కనుక సోమవారం వేసినా చెల్లుతుంది. ఈలోగా అప్పు తీసుకున్నవాడు కొంత కట్టి, నోటు వెనుక చెల్లు రాసి సంతకం చేస్తే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. గడువు దాటాక రాసిన చెల్లుకు ఆ బలం లేదు. (మా వైపు మూడో ఏడు నిండే ముందు నెలలో పాత బంధుత్వాలు హఠాత్తుగా గుర్తుకొచ్చేది ఇందుకే.)

అయితే కాలదోషం పట్టిన అప్పు చచ్చిపోదు. కోర్టు ద్వారా రాబట్టే దారి మాత్రమే మూసుకుపోతుంది. బాకీదారు తనంతట తాను కడితే అది న్యాయమైన చెల్లింపే. కడతానని రాసి సంతకం చేస్తే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద అది కొత్త ఒప్పందమవుతుంది. తేదీ దాటిన మాత్రకు అలాంటి పునర్జన్మ లేదు కదా? కాబట్టి ఎక్స్‌పైరీ అన్న ఒక్క మాట కిందే రెండు వేరు సంగతులున్నాయి.

చిత్రావతి:
కాలదోషాన్ని ఒప్పుకుంటున్నాను. అలా చూస్తే ‘మురిగిపోవడం’ కూడా మనకుంది: మార్చి 31 దాటితే నిధులు మురిగిపోతాయి, వాడుకోని సెలవులు మురిగిపోతాయి. 2012 ఏప్రిల్ 1కి ముందు ఆరు నెలలు చెల్లిన చెక్కు ఇప్పుడు మూడు నెలలకే మురిగిపోతుంది. ఎక్స్‌పైరీ వైపు మనకు మాటలకు కొరత లేదు. కటాఫ్‌కే లేదు, పైగా మార్కుల కటాఫ్ వేరు, తేదీ కటాఫ్ వేరు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):
లేకేమి? తేదీ కటాఫ్‌ను తెలుగు ఏనాడో ‘నాటికి’ అన్న మాటతో చెప్పింది. ‘జూలై 1 నాటికి 18 ఏళ్లు నిండి ఉండాలి’ అంటే ఎవరూ తప్పుగా చదవరు. ఓటర్ల జాబితాలో పేరు చేర్చడానికి 2022 నుంచి ఏడాదికి నాలుగు అర్హతా తేదీలున్నాయి: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు. అక్కడా ‘నాటికి’ అనే చెబుతున్నాం. చిత్రావతి గారి ప్రకటనలో దోషం ‘గడువు’ది కాదు. వాక్యాన్ని విరిచి పట్టికగా చేసినప్పుడు ‘నాటికి’, ‘లోగా’, ‘వరకు’ రాలిపోయి, నామవాచకమూ అంకెలూ మాత్రమే మిగిలాయి. ఇంగ్లీషు పట్టికకు అది సరిపోతుందేమో గానీ, మన భాషలో తేదీ ఏం చేస్తుందో చెప్పేది దాని వెనుక వచ్చే మాటే.

చిత్రావతి:
ఇది నాకు తట్టలేదు. రేపు ఆ పట్టిక తీసేసి, ‘జూలై 1 నాటికి 18 ఏళ్లు నిండినవారు జూలై 31లోగా దరఖాస్తు చేయాలి’ అని పెడతాను.

ప్రొద్దుటూరు వాసి:
‘31లోగా’ అంటే 31వ తేదీ చేరినట్టా, చేరనట్టా? మా వీధిలో ఇద్దరు ప్లీడర్లను అడిగితే రెండు జవాబులు వస్తాయి.

చిత్రావతి:
అయితే ‘జూలై 31 సాయంత్రం 5 గంటల వరకు’ అని రాస్తాను.