కొందాదోలో ఫ్లాట్ కొని రోజువారీ అద్దెకిస్తే తప్పేంటి?

ఫ్రిస్కో బాబాయ్:
అందరికీ నమస్తే. పోయిన నెల పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కి ఫ్రిస్కో (టెక్సాస్) నుంచి పోర్టోరికో వెళ్ళొచ్చాం. హెచ్1బీ బాధ మీకు తెలిసిందే. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయినవాళ్ళు మళ్ళీ రానిస్తారో లేదో అన్న టెన్షన్ లేకుండా కరేబియన్ చూడాలంటే అదే దారి. అది అమెరికా అధీనంలోని ద్వీపమే కాబట్టి దేశీయ విమానం, ఇమిగ్రేషన్ లైన్ లేదు.

సాన్ హువాన్‌లో కొందాదో అనే పేటలో దిగాం. ఆష్‌ఫర్డ్ అవెన్యూకి ఒక పక్క హోటళ్ళు, వాటి వెనకే అట్లాంటిక్. రెండో పక్క నాలుగడుగులేస్తే ఉప్పునీటి మడుగు. పొద్దున్నే కాయక్ వేసుకుని వెళ్తే పక్కనే మనాటీ (సముద్రపు ఆవు) తేలింది. మా ఆవిడ ఇక అక్కడినుంచి కదలనంది.

అప్పటినుంచీ బుర్ర తొలుస్తోంది. ఒక పడకగది ఫ్లాట్ కొని, ఏడాదికి రెండు వారాలు మేముండి, మిగతా రోజులు ఎయిర్‌బీఎన్‌బీలో పెడదామని ఆలోచన. ఆఫీసులో ఈ మాటంటే మా టీంలోని పోర్టోరికో అమ్మాయి ముఖం మాడ్చుకుంది. "మావాళ్ళని ఖాళీ చేయిస్తున్నది మీలాంటివాళ్ళే" అంది. నా డబ్బుతో నేను కొనుక్కుంటున్నా కదా! అక్కడ ఉన్నవాళ్ళెవరైనా చెప్పండి.

పూరీకూర:
కొందాదో? పేరులోనే 'కొందామా వద్దా' ఉంది కదన్నా.

లెక్కల మాస్టారు:
బాబాయ్, ఆ అమ్మాయి మాట పట్టించుకోకు. సాన్ హువాన్‌కి ఏడాది పొడవునా టూరిస్టులుంటారు, క్రూయిజ్ ఓడలు ఆగుతాయి. ఫ్లాట్ ఖాళీగా ఉండదు. రోజువారీ అద్దె మీద 7 శాతం గది పన్ను కట్టాలి, అది గుర్తుపెట్టుకో. హెచ్1బీ మీద ఉన్నావు కాబట్టి నువ్వే నడపకూడదు, మేనేజ్‌మెంట్ కంపెనీకి అప్పజెప్పు. ముందు లాయర్ని అడుగు.

నేనైతే ఇంకో అడుగు ముందుకేసి అక్కడికే మారిపోదామని చూస్తున్నా. 2012లో చట్టం 22గా మొదలై 2019లో చట్టం 60లో కలిసిన స్కీమ్ ఉంది. నిజంగా అక్కడి నివాసి అవ్వాలి, ఇల్లు కొనాలి, ఏటా 10,000 డాలర్లు స్వచ్ఛంద సంస్థలకివ్వాలి. అప్పుడు మారిన తర్వాత పెరిగిన పెట్టుబడి లాభం మీద పన్ను దాదాపు ఉండదు. గ్రీన్‌కార్డ్ వచ్చాక ఇంకా టెక్సాస్ ఎండలో ఎందుకు?

ఒక్క చిరాకు మాత్రం ఉంది. పోయిన డిసెంబర్‌లో అక్కడ ఒక పెద్ద హోటల్ వెనక ఇసుకలో దుప్పటి పరుచుకుంటే గార్డు వచ్చి లేపేశాడు. ప్రైవేట్ బీచ్ అట.

శాంతుర్సే సుబ్బు:
అక్కడ ప్రైవేట్ బీచ్ అనేది లేదు మాస్టారూ. పోర్టోరికోలో తీరం మొత్తం ప్రజలది, స్పెయిన్ కాలంనాటి చట్టాలనుంచీ అంతే. హోటల్‌వి కుర్చీలు, గొడుగులే. ఇసుక కాదు.

నేను ఫార్మా వాలిడేషన్‌లో పనిచేస్తా, అంటే మందుల ప్లాంట్లలో యంత్రాలు, పద్ధతులు సరిగ్గా ఉన్నాయా అని పరీక్షించే పని. ఎనిమిదేళ్ళుగా ద్వీపంలో ఉన్నా, అందులో మూడేళ్ళు కొందాదోలోనే. రోజూ హుంకోస్‌లోని ప్లాంటుకి కారులో వెళ్ళొచ్చేవాణ్ణి. నాలుగు రోజులకొచ్చినవాడికి కనబడే కొందాదో వేరు బాబాయ్.

ఇక్కడ ఇల్లు వెతికేవాడు ముందు సముద్రం కనిపిస్తుందా అని అడగడు. ప్లాంతా ఉందా, సిస్తెర్నా ఉందా అంటాడు. అంటే జనరేటర్, నీళ్ళ ట్యాంకు. 2024 డిసెంబర్ 31న తెల్లవారకముందే ద్వీపం దాదాపు మొత్తానికి కరెంటు పోయింది. మళ్ళీ 2025 ఏప్రిల్ 16న, ఈస్టర్ వారంలో. ఆ ఏప్రిల్ రాత్రి తొమ్మిదో అంతస్తులో ఉన్న ఫ్రెండ్ ఇంటి బాల్కనీలో నిలబడి చూశా. హోటళ్ళు, టవర్లు ధగధగా వెలుగుతున్నాయి, కింద డీజిల్ హోరు. వెనక్కి తిరిగితే బల్దోరియోతి ఎక్స్‌ప్రెస్‌వే అవతల శాంతుర్సే పేటలో మిగతా భాగమంతా నల్లగా. మధ్యలో ఉన్నది ఒక్క రోడ్డే.

ఇంకో సంగతి, పిల్లలున్నారన్నావు కాబట్టి. హోటళ్ళ వెనక సముద్రం లోపలికి లాగేస్తుంది. దాదాపు ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు పోతారు. దోస్ ఎర్మానోస్ వంతెన దగ్గర ప్లయీతా అని చిన్న బీచ్ ఉంది, అక్కడ అలలకి అడ్డం ఉంటుంది. పిల్లల్ని అక్కడే దింపు.

ఇక నీ ప్రశ్న. 2022లో నా అద్దె ఒప్పందం పొడిగించలేదు. కారణం అడిగితే ఓనరు "రోజుకి ఇస్తే నువ్వు నెలకిచ్చేది పది రోజుల్లో వస్తుంది" అన్నాడు. నెల తిరిగేసరికి నా తలుపుకి నంబర్ల తాళం, కారిడార్‌లో చక్రాల పెట్టెల చప్పుడు. ఆ అంతస్తులో ఆరు ఫ్లాట్లుంటే నేను వచ్చేటప్పటికి ఒక్కటే అలాంటిది. పోయేటప్పటికి నాలుగు. 2010 జనాభా లెక్కల్లో ద్వీపంలో 37 లక్షల మంది. 2020కి 33 లక్షలు కూడా లేరు. ఆ అమ్మాయి ముఖం ఎందుకు మాడ్చుకుందో ఇప్పుడైనా అర్థమైందా?

లెక్కల మాస్టారు:
ఇదేం లెక్కయ్యా? జనం పోయింది ఎయిర్‌బీఎన్‌బీ వల్లనా? ప్రభుత్వం 7,000 కోట్ల డాలర్ల పైన అప్పు చేసింది, 2016లో వాషింగ్టన్ పర్యవేక్షణ బోర్డును కూర్చోబెట్టింది. 2017 సెప్టెంబర్ 20న మరియా తుఫాను కొట్టింది, కొన్ని ఊళ్ళకి కరెంటు తిరిగి రావడానికి దాదాపు ఏడాది పట్టింది. అవన్నీ వదిలేసి బాబాయ్ ఇంకా కొనని ఒక్క ఫ్లాట్ మీద పడ్డావు.

బీచ్ ప్రజలదైతే నన్నెందుకు లేపారు? దానికి జవాబు చెప్పు ముందు.

శాంతుర్సే సుబ్బు:
లేపారు కాబట్టి చట్టం లేదంటారా? మీరు హోటల్ కుర్చీల మధ్య పరిచుంటారు.

లెక్కల మాస్టారు:
కుర్చీలకి పది అడుగుల దూరంలో.

శాంతుర్సే సుబ్బు:
పది అడుగులని టేపు పెట్టి కొలిచారా?

విశాఖ అమ్మాయి:
ఇదే గోల మా దగ్గరా జరిగింది. 2023లో రుషికొండ బీచ్‌కి 20 రూపాయల టికెట్ పెడతామన్నారు. జనం ఊరుకోలేదు, వెనక్కి తగ్గారు. సముద్రానికి టికెట్టేంటి అసలు!

పూరీకూర:
పది అడుగుల సంగతి తేలేదాకా నేను నిద్రపోను.

ఫ్రిస్కో బాబాయ్:
అయ్యా, నేనడిగింది ఫ్లాట్ గురించి...

లెక్కల మాస్టారు:
బాబాయ్, వస్తున్నా. సుబ్బూ, ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ఫార్మాలో పని అన్నావు. జీతం కాక అద్దె ఎవరు కట్టారు? పర్ డియం, అంటే కంపెనీ ఇచ్చే బస ఖర్చుల డబ్బు, వచ్చేదా లేదా? ఓనరు చెప్పిన అద్దెకి బేరం లేకుండా ఊ కొట్టింది ఎవరి డబ్బు చూసుకుని? ఇంకోటి. ఆ ఫార్మా కంపెనీలు అక్కడికెందుకొచ్చాయి? సెక్షన్ 936 పన్ను మినహాయింపుకే కదా. దాన్ని 1996 నుంచి తగ్గిస్తూ 2006లో తీసేస్తే అక్కడి ఆర్థిక వ్యవస్థ ఎలా కూలిందో అందరికీ తెలుసు. నీ ఉద్యోగం పన్ను మినహాయింపు పెట్టిన భిక్ష. నేను అదే మినహాయింపు అడిగితే మాత్రం దోపిడీ!

శాంతుర్సే సుబ్బు:
తేడా ఉంది. ప్లాంట్లలో వేలమంది స్థానికులు పనిచేస్తారు. మీ లాభం మీద పన్ను లేకపోతే ఎవరికి ఉద్యోగం? మీ కుక్కని తిప్పేవాడికా? ఒక మాట చెప్పండి. మీకొచ్చే ఆ మినహాయింపు అక్కడే పుట్టి, అక్కడే ఉంటున్న టీచరుకి వస్తుందా? రాదు. ఆ స్కీమ్‌లో చేరాలంటే అంతకుముందు కొన్నేళ్ళు ద్వీపంలో ఉండి ఉండకూడదు. సొంత ఊళ్ళో ఉన్నవాడు పూర్తి పన్ను కడతాడు, నిన్న దిగినవాడు కట్టడు. దీన్ని మన ఊళ్ళో పెడితే ఒప్పుకుంటారా?

లెక్కల మాస్టారు:
పర్ డియం ప్రశ్నకి జవాబు రాలేదు. నోట్ చేసుకున్నా.

మోడరేటర్:
కుక్కలు, భిక్షలు వద్దు. ఇదే హెచ్చరిక.

అలల లలిత:
మూడు రోజులుగా చదువుతున్నా, ఇక ఉండబట్టక రాస్తున్నా. మా ఆయన ఇక్కడివాడే. పెళ్ళై పదహారేళ్ళు. మా అత్తగారి ఫ్లాట్‌లో, కొందాదోలోనే ఉంటున్నాం.

సుబ్బుగారూ, మీరు చెప్పే కొందాదో కూడా పూర్తిగా నిజం కాదు. ఇది ఏనాడూ బీదల పేట కాదు. 1919లో అమెరికా కోటీశ్వరులైన వాండర్‌బిల్ట్ కుటుంబం ఇక్కడ హోటల్ కట్టించింది. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌కి పనిచేసిన ఆర్కిటెక్టులే దానికీ గీశారు. 1958లో గవ్వ ఆకారపు కప్పుతో లా కొంచా హోటల్ వచ్చింది. డబ్బున్న బయటివాళ్ళు ఇక్కడికి రావడం కొత్త కాదు. ఇప్పుడు ఇక్కడినుంచి పోతున్నది రిటైరైన టీచర్లు, బ్యాంకు గుమాస్తాలు, మా అత్తగారి స్నేహితురాళ్ళు. వాళ్ళు 70ల్లో, 80ల్లో కష్టపడి ఇక్కడికొచ్చినవాళ్ళు. మధ్యతరగతి అంటే మీకు ఏడుపు రాదు, అందుకే చెప్పరు.

బీచ్ సంగతి కూడా విని ఊరుకోండి. చట్టం సుబ్బుగారు చెప్పినట్టే ఉంది, గార్డులు మాస్టారు చెప్పినట్టే ఉంటారు. 2007లో వంతెన అవతల పాసెయో కారీబె టవర్లు కడుతుంటే అది ప్రజల స్థలమని పెద్ద ఉద్యమం జరిగింది. తీతో కయాక్ అని పేరున్న పర్యావరణ ఉద్యమకారుడు క్రేన్ ఎక్కి కొన్ని రోజులు అక్కడే కూర్చున్నాడు. చివరికి తాడు పట్టుకుని జారి, కింద పోలీసులుండగానే నీళ్ళ దారిన తప్పించుకున్నాడు. మా ఆయన ఆ కథ ఇప్పటికీ చేతులు ఊపుతూ చెప్తాడు. మరుసటేడు పోర్టోరికో సుప్రీంకోర్టు బిల్డర్ పక్షాన తీర్పిచ్చింది. టవర్లు ఇప్పుడూ ఉన్నాయి.

శాంతుర్సే సుబ్బు:
లలితగారూ, మీరంటే గౌరవం. అయితే ఏంటి, కొనమంటారా ఈయన్ని?

అలల లలిత:
నేనలా అనలేదు. పర్ డియం అడిగారు కదా, అది చెప్పండి ముందు.

శాంతుర్సే సుబ్బు:
వచ్చేది. సరేనా? నెలకి అద్దె మొత్తం కంపెనీదే. ఓనరు అడిగినదానికి నేను ఒక్క డాలర్ తగ్గించమనలేదు.

అడిగారు కాబట్టి మిగతాదీ చెప్తా. నేను దిగిన ఫ్లాట్‌లో అంతకుముందు ఒక పెద్దావిడ ఉండేది. ఇరవై ఏళ్ళ పైనే ఉందట. అద్దె పెంచేసరికి ఓర్లాండోలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. కిటికీ గట్టు మీద ఆమె మందారం కుండీ వదిలేసి వెళ్ళింది, మూడేళ్ళు నేనే నీళ్ళు పోశా. తర్వాత నన్ను తీసేసి టూరిస్టుని పెట్టారు. నాకు కోపం వచ్చింది టూరిస్టు మీద. ఆవిడని తీసింది నా కోసమే అని అప్పుడు తట్టలేదు. అది నిజమే.

లెక్కల మాస్టారు:
ఇది మొదట్లోనే చెప్పుంటే రెండు పేజీలు మిగిలేవి.

శాంతుర్సే సుబ్బు:
మీరు కూడా చెప్పండి మరి. నిజంగా అక్కడ బతకడానికి వెళ్తున్నారా, నివాసి అనిపించుకోడానికి ఏడాదికి 183 రోజులు లెక్కపెట్టుకోడానికా? స్పానిష్ ఒక్క ముక్క వచ్చా?

లెక్కల మాస్టారు:
పదహారేళ్ళు ఈ దేశంలో పన్ను కట్టా. అందులో పదమూడేళ్ళు గ్రీన్‌కార్డ్ లైన్లో నిలబడి. ఓటు లేదు, అప్పట్లో ఉద్యోగం పోతే 60 రోజుల్లో సర్దుకోవాలి. నేనెవరికీ బాకీ లేను. ఎక్కడ తక్కువ కట్టమంటే అక్కడికి పోతా. నాకు ఊరంటూ ఎవడు మిగిల్చాడు?

ఫ్రిస్కో బాబాయ్:
మాస్టారూ, ఆ మాట నాకు తగిలింది. నేనూ చెప్తా. మా నాన్న పోయినప్పుడు స్టాంపింగ్ స్లాట్ లేదని వెళ్ళలేదు. వెళ్తే ఉద్యోగం, పిల్లల బడి ఏమవుతాయోనని. ఆయనది కాకినాడ. కొందాదోలో మొదటి రోజు సాయంత్రం ఆ ఉప్పు వాసనకి కాళ్ళు తడుపుకుంటూ ఏడ్చా. మా ఆవిడకి కూడా చెప్పలేదు. అద్దె లాభం అని మొదట రాశాను గానీ, లెక్కేస్తే పెద్దగా మిగలదని నాకూ తెలుసు.

విశాఖ అమ్మాయి:
బాబాయ్ 🙏

శాంతుర్సే సుబ్బు:
బాధ అర్థమైంది బాబాయ్. కానీ మనకి ఊరు లేదని ఇంకొకళ్ళ ఊరు తీసుకోవడం కుదరదు. మా పెద్దావిడకీ ఊరు అదే.

లెక్కల మాస్టారు:
"మా" పెద్దావిడ!

అలల లలిత:
ఆపండి ఇద్దరూ. బాబాయ్‌గారూ, ఏ బిల్డింగ్‌లో చూస్తున్నారో అక్కడి రెగ్లమెంతో (నియమావళి) అడిగారా? ఇక్కడ చాలా బిల్డింగుల నియమావళిలోనే రోజువారీ అద్దెకి ఒప్పుకోరు. మా దాంట్లో ఓటు వేసి ఆపేశాం. ముసలమ్మలంతా వాకర్లతో వచ్చి చేతులెత్తారు.

ఫ్రిస్కో బాబాయ్:
ఇప్పుడే ఏజెంటుకి ఫోన్ చేశా. ఆరు నెలలకి తక్కువ ఇవ్వకూడదట. ఇప్పటికి నాలుగుసార్లు మాట్లాడాను, ఆ సంగతి ఒక్కసారీ చెప్పలేదు.

లెక్కల మాస్టారు:
పక్క బిల్డింగ్ చూడు.

ఫ్రిస్కో బాబాయ్:
చూస్తానేమో. ఇంకా తేల్చుకోలేదు. జూన్‌లో మళ్ళీ వెళ్తున్నాం, ఈసారి పది రోజులు. లలితగారూ, అక్కడ కరివేపాకు దొరుకుతుందా?

అలల లలిత:
మా బాల్కనీలో చెట్టుంది, కోసుకుని వండుకోండి. ఫ్రిస్కోకి మాత్రం పట్టుకెళ్ళలేరు. ఎయిర్‌పోర్టులో వ్యవసాయశాఖ వాళ్ళు బ్యాగులు స్కాన్ చేస్తారు.

పూరీకూర:
పది అడుగులు ఇంకా తేలలేదు.