కృష్ణ బ్రిడ్జి దాటంగనే హక్కులు ఆగిపోవాల్నా? సరిహద్దు మండలాల కార్డు మీద చర్చ

మక్తల్ వకీల్:
ప్రతిపాదన ఇది. తెలంగాణ సరిహద్దును ఆనుకున్న మండలాల్లో కాపురముండి, అవతలి రాష్ట్రంలో పనిచేసేవాళ్లకు, గీత దాటినా హక్కులు ఆగకుండా ‘సరిహద్దు నివాసి’ కార్డు ఇవ్వాలి. కృష్ణ, మాగనూరు మండలాల వాళ్లు పొద్దున లేస్తే కర్ణాటకలోని శక్తినగర్ థర్మల్ ప్లాంటుకో రాయచూరుకో పోతారు. ఉండవెల్లి, అలంపూర్ వాళ్లకు కర్నూలే పట్నం. కోదాడకు జగ్గయ్యపేట, సాగర్‌కు మాచర్ల. 1956 దాకా గద్వాల, అలంపూర్ తాలూకాలు రాయచూరు జిల్లాలోనే ఉండేవి. గీత జరిగింది గానీ రాకపోకలు ఆగలేదు.

వేరే వేరే దేశాలే ఈ పని చేసుకున్నాయి. స్వీడన్‌లోని మాల్మోలో ఇల్లు, డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్‌లో ఉద్యోగం ఉన్నవాళ్లు 2000లో ఓరెసండ్ వంతెన తెరిచినప్పటి నుంచి రైలెక్కి రోజూ పోయివస్తున్నారు. స్వీడన్, డెన్మార్క్ లాంటి నోర్డిక్ దేశాల పౌరులు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయి పనిచేసుకునే ఒప్పందం 1954 నాటిది. కరెన్సీలు వేరు, పన్నులు వేరు. అయినా ఎవరికి ఏ అడ్డం తగులుతోందో రాసిపెట్టుకుని, ఒక్కొక్కటే తీసే పని మీద 2014 నుంచి ప్రత్యేకంగా ఒక మండలి ఉంది. ఒకే దేశంలో ఉన్న మనకు ఆ మాత్రం చేతగాదా?

నల్లగొండ 371:
వకీల్ సాబ్, యూరప్ ముచ్చట సగమే చెప్పిండ్రు. అక్కడ 883/2004 అనే నిబంధన ప్రకారం మనిషికి ఒక టైంల ఒకే దేశపు సామాజిక బీమా. మామూలుగా పనిచేసే దేశానిది. ఉంటున్న దేశంల చేసే పని మొత్తంల 25 శాతానికి చేరితే బీమా అటు మారుతది. ఇంట్ల కూసొని కంప్యూటర్ పని చేసేటోళ్లకు 2023 జులై నుంచి, దానికోసం చేసుకున్న ఒప్పందం మీద సంతకం పెట్టిన దేశాల నడుమ, 50 శాతం లోపు దాకా సడలింపు ఇచ్చిండ్రు. ఏ దేశానికి కడుతున్నరో చూపే కాగితం పేరు ఏ1. పైసలు ఎవరు కట్టాల్నో ముందు తేలింది, కాగితం తర్వాత వచ్చింది.

ఆ రకం బీమా మన దగ్గర ఇప్పటికే గీత దాటుతున్నది. కార్మికుల వైద్య బీమా ఈఎస్ఐ 21,000 జీతం దాకా, కార్మికుని వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం, దేశమంతా ఒకటే నంబర్. పీఎఫ్ నంబర్ యూఏఎన్ గూడ అంతే. రాయచూరు మిల్లుల పనిచేసేటోనికి కొత్త కార్డెందుకు? కాంట్రాక్టరు పేరు ఎక్కించిండా లేదా అన్నది అడగాలె.

దాటనివి రాష్ట్ర ఖజానావి. మహాలక్ష్మి జీరో టికెట్ చూడుండ్రి. మన ఎక్స్‌ప్రెస్‌ల రాయచూరు పోయే ఆడామెకు సరిహద్దు దాకా ఉచితం, ఆపైన టికెట్ కొనాలె. ఎవరి పైసలు ఎక్కడి దాకనో కండక్టర్‌కు తెలుసు, మనకే తెలుస్తలేదు.

అలంపూర్ లెక్కలు:
ఖజానా పైసలు దాటవు అనేది సూత్రమేం కాదు. రేషన్ దాటింది గదా. వేరే రాష్ట్రంలో బియ్యం తీసుకునే పద్ధతి 2019 ఆగస్టు 9న రెండు జంటలతో మొదలైంది: తెలంగాణ–ఆంధ్ర, గుజరాత్–మహారాష్ట్ర. 2022 జూన్‌లో అసోం చేరడంతో దేశమంతా వచ్చింది. కార్డు నంబరు చెప్పి వేలిముద్ర వేస్తే చాలు. ఇంట్లో ఇద్దరి వాటా కర్నూలులో, మిగతావాళ్లది ఊళ్లో తీసుకోవచ్చు.

దెబ్బ తినేది ఇక్కడ. ఇది జాతీయ ఆహార భద్రత చట్టం కిందున్న కార్డులకే, అదీ మనిషికి 5 కిలోలే. తెలంగాణ కలిపే ఆరో కిలో అక్కడ రాదు. 2025 ఉగాది నుంచి మన షాపుల్లో ఇస్తున్న సన్నబియ్యమూ రాదు. అక్కడ ఏ రకం ఉంటే అదే. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డుకు అసలే చెల్లదు. కార్డు ఏ రకమో చూసుకోకుండా కర్నూలు డీలర్‌తో కొట్లాడితే లాభం లేదు.

వైద్యానిదీ ఇదే దారి. ఆంధ్ర ప్రభుత్వం 2019 నవంబర్‌లో తన ఆరోగ్యశ్రీని హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఆసుపత్రులకు విస్తరించింది. కార్డు మార్చలేదు, ఆసుపత్రులను జాబితాలో చేర్చుకుంది, అంతే. తెలంగాణ పది లక్షల దాకా ఇస్తోంది కాబట్టి కర్నూలు, రాయచూరుల్లో రెండు మూడు ఆసుపత్రులను చేర్చుకుంటే సరిపోతుంది. అలంపూర్ చౌరస్తా నుంచి కర్నూలు ఇరవై కిలోమీటర్ల లోపే, హైదరాబాద్ రెండు వందల దాకా. గుండెపోటు వచ్చినోణ్ణి ఎటు తీసుకపోతరు? అప్పటిదాకా కేంద్రపు ఆయుష్మాన్ కార్డున్న కుటుంబాలు దాన్ని వాడుకోవాలి, అది ఐదు లక్షల దాకా ఏ రాష్ట్రంలోనైనా నడుస్తుంది. 70 ఏళ్లు నిండినవాళ్లకైతే 2024 అక్టోబర్ నుంచి ఆదాయంతో పని లేదు.

కోదాడ రవాణా:
బండ్ల సంగతి ఎవరూ ఎత్తలే. రోజూ తగిలేది అదే.

బైకులు, కార్లతోని మొదలుపెడదాం. ‘పన్నెండు నెలలు దాటితే నంబర్ మార్చాలె’ అని అందరూ అంటరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 చెప్పేది బండి అవతలి రాష్ట్రంల పన్నెండు నెలలకు మించి ఉంటే అని. రాత్రి బండి కృష్ణల పెట్టుకొని పొద్దున రాయచూరు పోయేటోనికి అది వర్తించది. బండి మామూలుగా ఉండే చోటే రిజిస్ట్రేషన్ అని సెక్షన్ 40 చెప్తున్నది. ఊరి చిరునామా ఉన్న ఆధార్ బండ్ల పెట్టుకోవాలె, అడిగితే చూపియ్యాలె. నిజంగ అక్కడ కాపురం పెడితే మాత్రం ముందు మన ఆర్టీఏల ఫారం 28తో ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), లోన్ ఉంటే ఫైనాన్స్ వాళ్ల ఒప్పుకోలు, అక్కడ ఫారం 27తో కొత్త నంబర్, అక్కడి లైఫ్ ట్యాక్స్. తర్వాత ఇక్కడ మిగిలిన ఏండ్ల ట్యాక్స్ వాపసుకు దరఖాస్తు. చానామంది ఈ ఆఖరి మెట్టు ఎక్కరు, పైసలు పోగొట్టుకుంటరు. ఏ రాష్ట్రంలనైనా నడిచే బీహెచ్ నంబర్ 2021ల వచ్చింది గాని అది సర్కారు ఉద్యోగులకు, నాలుగు రాష్ట్రాలల్ల ఆఫీసులున్న కంపెనీల ఉద్యోగులకే. జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీల దినకూలీకి రాదు.

ఆటోలది అసలైన లొల్లి. ఒక రాష్ట్రం పర్మిట్ ఇంకో రాష్ట్రంల చెల్లాలంటే సెక్షన్ 88 కింద అక్కడి అధికారి కౌంటర్ సంతకం కావాలె, లేకుంటే రెండు రాష్ట్రాల ఒప్పందం ఉండాలె. పర్మిట్ లేకుండ దొరికితే కేంద్ర చట్టంల జరిమానా పదివేలు. జరిమానా కన్నా పెద్ద గండం ఇన్సూరెన్స్. పర్మిట్ లేని చోట యాక్సిడెంట్ అయితే కంపెనీ బాధితునికి కట్టి, ఆ మొత్తం ఓనర్ దగ్గర వసూలు చేసుకోవచ్చని 2018ల సుప్రీంకోర్టు తీర్పు ఉన్నది. ఒక్క కేసుకు ఆటో, ఇల్లు రెండూ పోతయి. అదే 3,000 కిలోల లోపు మొత్తం బరువున్న చిన్న ట్రాలీకి సరుకు పర్మిటే అక్కర్లేదు. మిర్చి బస్తాలు దాటొచ్చు, మిర్చి ఏరే కూలోళ్లు ఆటోల దాటొద్దు. ఇదీ మన చట్టం.

దేవరకద్ర మేస్త్రి:
మీరందరు పొద్దున పోయి మాపటికి వచ్చేటోళ్ల గురించి మాట్లాడుతున్రు. పాలమూరు లేబర్ అంటె నెలలకొద్దీ పోయేటోళ్లు. వాళ్లకు సరిహద్దు మండలం కార్డు ఏం జేస్తది? దేవరకద్ర సరిహద్దుల లేదు, కోయిలకొండ లేదు.

బిల్డింగ్ కార్మికుల బోర్డు కార్డు కావాలంటె 18 నుంచి 60 ఏండ్ల వయసు, పోయిన ఏడాదిల 90 రోజుల పని ఉండాలె. ఆ 90 రోజులు పుణెల చేస్తె సర్టిఫికెట్ ఇచ్చేది పుణె కాంట్రాక్టరు, కార్డు ఇచ్చేది మన బోర్డు. ఈడ ఒప్పుకోరు, ఆడ ఆధార్ మీది అడ్రస్ చూసి ఒప్పుకోరు. కట్టే బిల్డింగ్ మీద ఒక శాతం సెస్సు మాత్రం ఆ రాష్ట్రమే వసూలు చేస్కుంటది. కార్మికుడు ఒకదిక్కు, వాని పేరు మీది పైస ఇంకోదిక్కు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లకొచ్చిన కొత్త కార్మిక చట్టాలల్ల, సొంతంగ పోయి పని దొరికిచ్చుకున్నోన్ని గూడ అంతర్రాష్ట్ర వలస కార్మికునిగ లెక్క గట్టిన్రు. పాత 1979 చట్టంల కాంట్రాక్టరు తీస్కపోయినోడే లెక్క. గాని పాత చట్టం ఐదుగురికే వర్తించేది, ఇప్పుడు పది మంది ఉండాలె. మన గుంపు మేస్త్రీల దగ్గర ఏడెనిమిది మంది ఉంటరు. ఇచ్చింది ఒక చేత్తో, గుంజింది ఇంకో చేత్తో.

నల్లగొండ 371:
మేస్త్రి చెప్పింది ఖరారు. గాని అడ్డాలన్నీ అన్యాయం అంటే నేను ఒప్పుకోను. స్థానికులకు కొలువులు, సీట్లల్ల వాటా ఇచ్చే రాజ్యాంగం 371డి ఊకె రాలే, స్థానికులకే కొలువులనే ముల్కీ పంచాయితీల నుంచి వచ్చింది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుతో స్థానికులకు 95 శాతం కొలువులు. కార్డు పేరుతోని దాన్ని సడలిస్తే ముందు నష్టపోయేది కృష్ణ మండలం పిల్లగాడే, రాయచూరు వాళ్లతో పోటీ పడలేక. అటు వాళ్లకు అసొంటిదే 371జె ఉన్నది, వాళ్లు సడలిస్తరా?

అసలు ఇబ్బంది వేరే ఉన్నది, కొలతలు రెండు. కొలువులకు ఒకటి నుంచి ఏడో తరగతి దాకా కనీసం నాలుగేండ్లు ఎక్కడ చదివిండన్నది చూస్తరు. ఎంబీబీఎస్ సీటుకు 2024 నాటి జీవో 33 తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేండ్లు తెలంగాణలనే చదవాలంటది, 2025ల సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. కోదాడ పిల్ల ఏడు దాకా కోదాడల చదివి ఇంటర్‌కు విజయవాడ పోతే, గ్రూప్స్‌కు లోకల్, డాక్టర్ సీటుకు నాన్‌లోకల్. ఇంటర్ అడ్మిషన్ ఫీజు కట్టకముందే తల్లిదండ్రులకు ఇది తెలవాలె.

మక్తల్ వకీల్:
ఆ మాట నిజమే. కార్డుతో దాటించలేనిది ఇంకొకటి నేనే చెప్తాను, కులం జాబితా. బోయ వాల్మీకులు గద్వాలలో బీసీ–ఏ, రాయచూరులో నాయక, బేడ, వాల్మీకి పేర్లతో ఎస్టీ. లంబాడీలు మన దగ్గర ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ. యాద్గిర్ తండా పిల్ల నారాయణపేట తండాకు కోడలిగా వస్తే, పెళ్లితో ఆమెకు ఇక్కడి ఎస్టీ హోదా రాదు. తండ్రి రాష్ట్రపు సర్టిఫికెటే చెల్లుతుంది, రాష్ట్ర సర్కారు రిజర్వేషన్లకైతే అదీ ఆ రాష్ట్రంలోనే. 1990లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది ఇదే. జాబితా మార్చాలంటే పార్లమెంటు చట్టం చేయాలి, కలెక్టర్లు కూర్చుని మాట్లాడుకుంటే తెగదు.

కానీ కార్డు వద్దనేవాళ్లు 2021 మే నెల మర్చిపోవద్దు. ఆంధ్ర నుంచి కరోనా రోగులతో వచ్చిన అంబులెన్సులను సరిహద్దులోని పుల్లూరు దగ్గర తెలంగాణ పోలీసులు ఆపారు. తెలంగాణ హైకోర్టు మన సర్కారు ఉత్తర్వు మీద స్టే ఇచ్చాకే దారి తెరుచుకుంది. 2016 జనవరిలో స్వీడన్ గుర్తింపు తనిఖీలు పెట్టినప్పుడు ఓరెసండ్ రైళ్లూ ఆలస్యమయ్యాయి. మామూలు రోజుల్లో గీత కనపడదు. కష్టకాలంలో చేతిలో కాగితం ఉండాలి.

అలంపూర్ లెక్కలు:
అయితే కార్డు పేరు పక్కకు పెట్టి రెండే అడుగుదాం. ఒకటి, ఆరోగ్యశ్రీ జాబితాలో కర్నూలు, రాయచూరు ఆసుపత్రులు. రెండు, సరిహద్దు స్టాండ్ల ఆటోలకు కౌంటర్ సంతకాలు.

కోదాడ రవాణా:
మొదటిది మన సర్కారు ఒక్కటే చేయొచ్చు. రెండోదానికి రెండు సర్కార్లు కలవాలె. ఎన్ని పర్మిట్లో ముసాయిదా గెజిట్ల, పేపర్లల్ల వేసి, అభ్యంతరాలకు కనీసం ముప్పై రోజులు ఇయ్యాలె. అటు నుంచి గూడ అన్నే ఆటోలు అడుగుతరు. కర్నూలు ఆటోలు అలంపూర్ చౌరస్తాల నిలబడి మనుషులను ఎక్కించుకుంటే మనోళ్లు ఊకుంటరా? ఆ స్టాండ్ యూనియన్‌ను అడిగి, ఒప్పుకుంటే అర్జీ రాయుండ్రి.